జేజి ముక్కుపుడక ఏ పక్క?

నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాదు. ఇంటికి చుట్టాలొస్తే వంటింట్లోకి పోతాను. వాళ్ళు వంటింట్లోకొస్తే పెరట్లోకి పోతాను. పెరట్లోకీ వచ్చారంటే ఇక డైరీలోకి దూరి తలుపేసుకుంటాను. అలాంటి నేను నోరు విప్పకుండానే మా బంధువర్గం మొత్తాన్ని ఒకే రోజున ఏడిపించి, హడలగొట్టి, చివరికి పొద్దు వాలేదాకా ఆకలితో కూర్చోబెట్టిన వైనం ఇప్పుడు చెప్పబోతున్నాను. మాట్లాడకుండానే ఇంత చేసినదాన్ని, మాట్లాడే అలవాటు కూడా ఉండి ఉంటే మార్కాపురం ఏమైపోయేదో మీరే ఊహించుకోండి.

తులశమ్మ జేజి మా నాయనకు అమ్మ. ఆమె పోయి ఏడాది కావస్తున్నా మా గోడ మీద ఆమె ఫోటో లేదు. ఇంటి నిండా ఫోన్లు పెట్టుకుని ఫోటో లేదంటే ఎవరూ నమ్మరు గానీ, అది మా జేజి చలవ. పళ్ళు ఊడిపోయినప్పటి నుంచి, ఎవరైనా ఫోను పైకెత్తితే చాలు, కొంగు నోటికి అడ్డం పెట్టేసుకునేది. అందుకని మా దగ్గర ఆమె ఫోటోలు బోలెడున్నాయి. అన్నిటిలోనూ రెండు కళ్ళు, ఒక కొంగు. ఆధార్ కార్డులో మాత్రం మొహం మొత్తం ఉంది. కాకపోతే అందులో ఆమె కోడిని దొంగిలించి పట్టుబడ్డ మనిషిలా ఉంటుంది. “దాన్ని గోడకు పెడితే ఇంటికొచ్చినోళ్ళు చెప్పులు చంకలో పెట్టుకొని కూచుంటారు,” అని అమ్మ తేల్చేసింది.

మా నాయన పలకల మిషన్ దగ్గర పనిచేస్తాడు. ఆయనా మాటలు తక్కువ మనిషే. జేజి కర్మలు అయిపోగానే ముందు గదిలో గోడకు ఒక మేకు కొట్టాడు. పనికి పోయేముందు దాని వైపు ఒకసారి చూస్తాడు, తిరిగొచ్చాక ఒకసారి చూస్తాడు. వట్టి మేకు. దాన్ని చూసీ చూసీ ఒకరోజు నోరు విప్పాడు.

“ఏడాది నాటికన్నా అమ్మను ఆడ పెట్టాల.”

“మన పెళ్ళి ఆల్బం ఉండె గదా,” అంది అమ్మ.

“దాన్ని చెదలు తినె గదా.”

“ఆ... చెదలు మనల్ని తినలే, అదే సంతోషం. నెగిటివులు ఉన్నాయి లే, బిస్కెట్ల డబ్బాలో. పాపకిస్తే ఏదో ఒకటి చేస్తది. పొద్దస్తమానం ఆ ఫోన్లోనే ఉంటది గదా.”

నేను ఫోన్లో ఉండేది పుస్తకాలు చదవడానికి. ఆ సంగతి చెప్పాలంటే మాట్లాడాలి. అంతకంటే తలూపడం సులువు. ఊపాను. మేకు వైపు చూసినట్టే నాయన నా వైపు కూడా ఒకసారి ఆశగా చూశాడు. ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

నెగెటివ్ అంటే ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు. ముదురు గోధుమరంగు రిబ్బను ముక్క. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అందులో మనుషుల జుట్టు తెల్లగా, పళ్ళు నల్లగా కనిపిస్తాయి. దెయ్యాల పెళ్ళికి ఎవరో కెమెరా పట్టుకుని పోయినట్టు ఉంటుంది. నేను భయపడలేదు. మార్కాపురంలో పుట్టి, నల్లటి పలక మీద తెల్లగా దిద్ది అక్షరాలు నేర్చుకున్నదాన్ని, నాకు నెగెటివ్ ఒక లెక్కా అనుకున్నాను. నా పొగరు అప్పటికి అంత ఎత్తున ఉంది.

ఇంటర్నెట్లో ఎవరో చెప్పిన పద్ధతి ఇది. ఒక ఫోన్లో తెల్లటి తెర వెలిగించాలి. దాని మీద నెగెటివ్ పరచాలి. రెండో ఫోన్‌తో పైనుంచి ఫోటో తీసి, రంగులు తారుమారు చేసే యాప్‌లో వేయాలి. పైనుంచి వేరే వెలుతురు పడకూడదు. అందుకని మే నెల మిట్టమధ్యాహ్నం సామాన్ల గదిలో నేల మీద కూర్చుని, అమ్మ ఫోను ముందు పెట్టుకుని, నెత్తిన దుప్పటి కప్పుకున్నాను. మార్కాపురం ఎండల గురించి తెలిసినవాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం నాకు సానుభూతి తెలపవచ్చు.

అమ్మ తన ఫోను వెతుక్కుంటూ వచ్చింది.

“ఏందే ఇది, ఈ ఎండలో దుప్పటి కప్పుకున్నావు? జ్వరమా?”

“ఊహూ.”

“చలా?”

“ఊహూ.”

“మరి ఏంది?”

“జేజి,” అన్నాను దుప్పటి లోపల్నుంచి.

అమ్మ అడుగులు గబగబా బయటకు పోయాయి. కాసేపటికి వరండాలో ఆమె గొంతు వినిపించింది. “పిల్లకు ఏదో గాలి సోకినట్టుంది. మీ అమ్మే అయ్యుంటది.”

లోపల నా అవస్థ వేరు. ఎన్నో ఏళ్ళు చుట్టుకుని పడుకున్న నెగెటివ్ కదా, తెర మీద పెట్టగానే మధ్యలో పూరీలా ఉబ్బింది. నొక్కితే అణిగింది, వదిలితే లేచింది. విసుగొచ్చి దాన్ని తిరగేశాను. ఇప్పుడు మధ్య అణిగి, రెండు కొసలూ పైకి లేచాయి. గదిలో విరిగిన పలక ముక్కలకు కొదవ లేదు. కొసల మీద చెరొక ముక్క బరువు పెట్టాను. బుద్ధిగా పడుకుంది.

ఈ ‘తిరగేశాను’ అన్న ముక్క దగ్గర కాసేపు ఆగండి. తర్వాతి ఘోరాలన్నీ లేచింది ఈ పునాది మీదే. ఆ క్షణాన నాకా సంగతి తెలియదు. తెలిసిందల్లా చెమట.

మొదట తేలిన ఫోటోలో పెళ్ళివారంతా నీలంగా ఉన్నారు. మా వంశమంతా పాలసముద్రంలోంచి లేచొచ్చినట్టు ఉంది. రంగులు తీసేసి నలుపు తెలుపు చేశాక మనుషులయ్యారు. చాలా బొమ్మలు పాడైపోయాయి గానీ ఒక్కటి మాత్రం బంగారంలా వచ్చింది. షామియానా ముందు ఇద్దరు ఆడవాళ్ళు, ఒకే రకం చీరలు, ఒకే మొహం. ఒకామె నోరారా నవ్వుతోంది. రెండో ఆమె మూతి ముడుచుకుని, కెమెరాను కాకుండా కెమెరా పట్టుకున్నవాణ్ణి చూస్తోంది.

ఇక్కడ మీకు మా ఇంటి రహస్యం కాని రహస్యం ఒకటి చెప్పాలి. మా జేజి కవలల్లో ఒకతె. తులశమ్మ, నాగమ్మ. చిన్నప్పుడు ఇద్దరినీ గుర్తుపట్టలేక వాళ్ళమ్మ ఒకదానికే రెండుసార్లు ఆముదం తాగించి, రెండోదానికే రెండుసార్లు బెల్లం పెట్టేదట. ఆముదం తాగిన పిల్ల ఏడుపు పడలేక కంసాలిని పిలిపించి, తులశమ్మకు ముక్కు ఎడమ పక్కన, నాగమ్మకు కుడి పక్కన కుట్టించింది. అప్పటి నుంచి మా వాళ్ళెవరూ ఆ ఇద్దరి మొహాలూ చూడరు, ముక్కే చూస్తారు. మా నాయన కూడా చిన్నప్పుడు పొరపాటున పిన్నమ్మ కొంగు పట్టుకుంటే, ముందు పుడక చూసి తర్వాత ఏడ్చేవాడట. నాగమ్మ జేజి ఇప్పటికీ గిద్దలూరు దగ్గర తన కొడుకుల దగ్గర దిట్టంగా ఉంది.

నాయన ఫోను చేతిలోకి తీసుకుని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

“అమ్మే,” అన్నాడు నవ్వుతున్న ఆమెను చూపించి. ఫోను మళ్ళీ దూరం జరిపి, “అమ్మేనా?” అన్నాడు.

“పుడక చూడరాదూ,” అంది అమ్మ.

వేళ్ళతో బొమ్మను పెద్దది చేశాం. నవ్వుతున్న ఆమెకు పుడక ఎడమ పక్క ఉంది. మూతి ముడుచుకున్న ఆమెకు కుడి పక్క.

“ఎడమే. అమ్మే. కానీ మొగం ఏందో తేడాగా ఉంది.”

“అప్పుడు వయసులో ఉండె గదా.”

“అమ్మ ఇట్ల నవ్వేదా?”

అమ్మ కూడా కళ్ళు చికిలించి చూసింది. “కొడుకు పెళ్ళని నవ్వినట్టుంది. కోడలు ఇంట్లో కాలు పెట్టినాక మానేసింది. నేనొచ్చిన కాడ్నుంచి నేనైతే చూడలే.”

“మరి చిన్నమ్మ ఎప్పుడు జూసినా ఇకిలిస్తానే ఉంటది గదా. ఆ పొద్దు ఏందట్ల మూతి పెట్టింది?”

“పప్పులో ఉప్పెక్కువైందని అలిగిందంటిరి గదా.”

“అలిగింది అమ్మ.”

“మీ అమ్మ అలిగింది ఉప్పు తక్కువైందని.”

నాయన ఇక వాదించలేదు. ముక్కుపుడక ఎదురుగా ఉండగా ఎవరు మాత్రం వాదిస్తారు? అయినా నాకొక అనుమానం మిగిలింది. ఫోటోలో ఇద్దరికీ పైట కుడి భుజం మీద ఉంది. వేలు పెట్టి చూపించాను.

“ఎనకటి ఆడోళ్ళు కుడిపైటే ఏసేవాళ్ళు,” అంది అమ్మ. “మా అవ్వ చచ్చేదాక కుడిపైటే.”

“మా అమ్మది ఎడమ పైట గదా?” అన్నాడు నాయన.

“పెళ్ళికని ఏసినట్టుంది.”

నేను ఆ రోజు డైరీలో చాలా గంభీరంగా రాశాను: ‘పూర్వం మన ప్రాంతంలో స్త్రీలు శుభకార్యాలప్పుడు మాత్రమే కుడిపైట ధరించేవారని తెలుస్తోంది.’ తెలుస్తోందట! ఎవరికి తెలుస్తోందో ఆ డైరీకే తెలియాలి. ఇంకా ఉంది. వాళ్ళ వెనక షామియానాకు కట్టిన గుడ్డ బోర్డు మీద మసకగా ఏవో అక్షరాలున్నాయి. తెలుగులా లేవు. ఇంగ్లీషు అసలే కాదు. షామియానా వేసినవాళ్ళు ముస్లింలని అమ్మ ఎప్పుడో చెప్పింది కాబట్టి అది ఉర్దూ అని నిర్ణయించుకున్నాను. చదివిన పుస్తకాలన్నీ నాకు నేర్పింది ఒక్కటే. ఏది అడ్డం వచ్చినా దానికొక కారణం చెప్పి పక్కకు జరపడం.

నవ్వుతున్న ఆమె వరకు కత్తిరించి, ఆ బొమ్మను మా వీధి చివర ఫ్రేములు కట్టే మస్తాన్ మామ దుకాణానికి పట్టుకుపోయాను.

“ఎవురు పాపా, మీ జేజా?”

“ఊ.”

“నెగిటివ్ నువ్వే ఎక్కించినావా ఫోన్లోకి?”

“ఊ.”

“మెరిసే పక్క పైకి పెట్టినావా, మసక పక్క పైకి పెట్టినావా?”

“ఊ.”

ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన చెప్పుల వైపు చూశాను.

“ఊ అంటే? ఏ పక్క?”

“ఆ,” అన్నాను ఈసారి, కొంచెం మార్పుగా ఉంటుందని.

ఇంతలో ఎవరో ఫ్లెక్సీ కోసం బయట బండి మీద కూర్చునే కేకలు మొదలుపెట్టారు. “సర్లే, చదువుకున్న పిల్లవు, నీకు తెలీదా,” అని మస్తాన్ మామ బొమ్మ తీసుకున్నాడు. మసక పక్క అంటే ఏంటని అడగాలని ఉంది. ఆయనకు ఉర్దూ వచ్చు, ఆ బోర్డు మీద ఏముందో కూడా అడగాలని ఉంది. రెండిటిలో ఏది అడిగినా ఆ నిమిషానే తేలిపోయేది. నేనేం చేశానంటారు? ఇంటికి వచ్చి డైరీలో ‘ఉర్దూ నేర్చుకోవాలి’ అని రాసుకున్నాను. ఒక మనిషిని ఒక ప్రశ్న అడగడం కంటే కొత్త భాష నేర్చుకోవడమే నాకు దగ్గరి దారిగా తోచింది. నిజంగానే మొదలుపెట్టాను కూడా.

సంవత్సరీకం రోజు పొద్దున్నే నాయన తలస్నానం చేసి వచ్చి ఫోటోను మేకుకు తగిలించాడు. బొట్టు పెట్టాడు, కనకాంబరాల దండ వేశాడు. వెనక్కి నాలుగడుగులు వేసి చూసుకున్నాడు. ఏడాది పాటు ఖాళీగా ఉన్న గోడ నిండింది. నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒకసారి ఊపాడు. ఆ చేతి బరువు ఇప్పటికీ నా నెత్తి మీదే ఉంది, అందుకే సిగ్గు తగ్గలేదు.

పామూరు నుంచి మా మేనత్త ఈశ్వరమ్మ దిగింది. దిగీ దిగగానే ఫోటోకు ఎదురుగా కూలబడి రాగం అందుకుంది.

“అమ్మా! బతికున్నన్నాళ్ళు ఒక్కసారన్నా ఇట్ల నవ్వకపోతివే తల్లీ! ఎంత చక్కగ ఉండావే!”

ఆమెను చూసి మిగతా ఆడవాళ్ళు, వాళ్ళను చూసి మగవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఏడుపు కొంచెం సద్దుమణిగాక అత్త ముక్కు చీదుకుని నా చెవి దగ్గరకు వంగింది.

“ఏమే, అమ్మ వక్కాకు నమిలేది గదా. పళ్ళు ఇంత తెల్లగ ఎట్లొచ్చె?”

“ఊ,” అన్నాను. నా ‘ఊ’ ఏ తాళానికైనా పట్టే తాళంచెవి.

నాగమ్మ జేజి ఇంకా రాలేదు. ఆమెకు ఫోటో సంగతి ముందుగా చెప్పొద్దని నాయనే అన్నాడు. అక్కను ఒక్కసారిగా చూసి ఆనందపడాలట. బస్సు ఆలస్యమైందో ఏమో, వేళ మించిపోతోందని పెద్దలు తొందరపెట్టారు. మా ఇళ్ళల్లో పద్ధతి ఏంటంటే, పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, ఫోటో ముందు విస్తరి వేసి వడ్డించి, అందరం బయటకు వచ్చి తలుపు దగ్గరగా వేస్తాం. వాళ్ళు వచ్చి తృప్తిగా తిని పోతారని నమ్మకం. ఆ తర్వాతే మిగతావాళ్ళకు భోజనం. జేజికి ఇష్టమని పూర్ణం పెట్టిన నేతి ఓళిగలు, వంకాయ కూర, పప్పు, పెరుగన్నం అన్నీ పెట్టి, దణ్ణాలు పెట్టుకుని, తలుపు మూసి వరండాలో కూర్చున్నాం.

కాసేపటికి లోపల విస్తరాకు చప్పుడైంది.

అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మళ్ళీ చప్పుడు. తర్వాత చెంబు నేల మీద పెట్టిన శబ్దం. ఆ వెంటనే, స్పష్టంగా, తేనుపు.

“అమ్మొచ్చింది!” అంది అత్త.

“కుక్క దూరిందేమో చూడండి,” అంది అమ్మ. అత్తగారి విషయంలో ఆమె ఏనాడూ తొందరపడి సంతోషించలేదు.

నాయన లేచి మెల్లగా తలుపు తోశాడు. ఫోటో కింద, విస్తరి ముందు, బాసింపట్టు వేసుకుని మా జేజి కూర్చుని ఉంది. చేతిలో సగం తిన్న ఓళిగ. మూతికి నెయ్యి.

అత్త పెట్టిన కేకకు ఎదురింటి గేదె తాడు తెంపుకుంది. ఒక పెద్దాయన వరండా మెట్లు దిగకుండానే వీధిలో తేలాడు. నేను స్తంభం వెనక్కి పోయాను. భయమేసి కాదు, ఎప్పుడూ అక్కడికే పోతాను.

“ఏంది ఆ అరుపులు?” అంది లోపలి మనిషి, ఓళిగ మింగి. “ముందు ఇది చెప్పండి. నేను పోయి ఎన్ని దినాలైంది?”

పుడక కుడి పక్కన తళుక్కుమంది. నాగమ్మ జేజి! బస్సు దిగి, దగ్గరని పెరటి దారిన వచ్చిందట.

“చిన్నమ్మా! అది అమ్మకు పెట్టిన ఇస్తరి!” అన్నాడు నాయన.

“మీయమ్మ యాడుందిరా కొండయ్యా? పైన నా బొమ్మ పెడితిరి. దానికి దండ ఏస్తిరి, బొట్టు పెడితిరి, కింద ఓళిగలు పెట్టి మర్యాదగా తలుపేసి పోతిరి. ఇది నాకు గాక ఇంకెవురికి? ఇంటికాడ నా కొడుకులు షుగరని బెల్లం ముక్క కూడా చూడనీరు. సచ్చినాకన్నా తిననీరా?”

“అది నువ్వు గాదు చిన్నమ్మా, అమ్మ. పుడక చూడు, ఎడమ పక్క.”

నాగమ్మ జేజి ఎడమ చేత్తో తన ముక్కు తడుముకుంది. ఫోటో చూసింది. మళ్ళీ తడుముకుంది. మొదటిసారిగా ఆమె మొహంలో అనుమానం కనిపించింది.

“నాది కుడే గదా?”

“నీది కుడే. ఫోటోలో ఎడమ. అందుకని అమ్మ.”

“మరి ఆ నవ్వు ఎవురిదిరా? నువ్వు పీటల మీదికి వస్తా పంచె తొక్కుకొని పడబోతే నవ్వినా గదా. మా యక్క ఏమో గుడ్లురిమి చూసె. మా యక్క నవ్విందా యాడన్నా?”

“అదే నేనూ ఆ పొద్దే అంటిని,” అంది అమ్మ. ఆమె అనలేదు. రాసిపెట్టుకున్నాను.

గదిలో గందరగోళం మొదలైంది. ఫోటోకు ఎదురుగా నిలబడి కుడి అన్నవాళ్ళు, ఫోటో వైపు వీపు పెట్టి ఎడమ అన్నవాళ్ళు. అందరి వేళ్ళూ ఎవరి ముక్కు మీద వాళ్ళకే ఉన్నాయి. ఆ క్షణాన వీధిలోంచి చూసినవాళ్ళకు ఇంటి నిండా జలుబు అనిపించి ఉంటుంది.

“అద్దం తేండి,” అంది నాగమ్మ జేజి.

నాయన గడ్డం గీసుకునే అద్దం తెచ్చారు. ఆమె లేచి, దాన్ని ఫోటో పక్కనే గోడకు ఆనించి పట్టుకుంది.

“రోజూ బొట్టు పెట్టుకునేటప్పుడు చూసుకునే మొగం నాకు తెలీదంటావా? చూడు. అద్దంలో పుడక యా పక్కుంది? బొమ్మలో యా పక్కుంది?”

అందరం తొంగి చూశాం, నేను స్తంభం వెనక నుంచి. అద్దంలోని నాగమ్మకూ ఫోటోలోని మనిషికీ పుడక ఒకే పక్క. అద్దం బయట ఉన్న నాగమ్మకు మాత్రం రెండో పక్క. నాయన ముగ్గురినీ మార్చి మార్చి చూసి, పోయి గోడకు చేరగిలబడ్డాడు.

“ఇద్దరితోనే ఏగలేకపోతిమి. ఇప్పుడు ముగ్గురైనారు,” అన్నాడు.

అద్దం. నా బుర్రలో ఏదో గిర్రున తిరిగింది. ఉబ్బిన పూరీ, పలక ముక్కలు, మెరిసే పక్క, మసక పక్క, కుడిపైట, ఉర్దూ...

“తిరగేసినా!” అని అరిచాను.

అత్త చుట్టూ చూసి, “ఎవురు మాట్లాడింది?” అంది.

స్తంభం వెనక నుంచి బయటకు రాక తప్పలేదు. ఫోన్లో పూర్తి ఫోటో తెరిచి, ఎడమను కుడికి తిప్పే బొత్తాం నొక్కాను. ఒక్క దెబ్బకు పైటలు ఎడమ భుజాల మీదికి వచ్చాయి. నవ్వే ఆమె పుడక కుడి పక్కకు దూకింది. వెనక బోర్డు మీది ఉర్దూ కాస్తా ‘టెంట్ హౌస్, మార్కాపురం’ అని నిక్షేపంలాంటి తెలుగులో పలికింది. అప్పటికి నేను ఉర్దూలో మొదటి అక్షరాలు దాటి చాలా దూరం వచ్చేశాను.

“అయితే అమ్మ ఏదే?” అన్నాడు నాయన. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది. నేను కత్తిరించి పారేసింది ఆయన అమ్మనే.

పక్కనున్న ఆమెను, మూతి ముడుచుకున్న ఆమెను పెద్దది చేసి అందరి ముందూ పట్టుకున్నాను.

ఎవరూ పుడక చూడలేదు. అమ్మ చెయ్యి తనంతట తానే పోయి కొంగు సర్దుకుంది. అత్త కాళ్ళు ముడుచుకుని సరిగ్గా కూర్చుంది. వీధిలోంచి తిరిగొచ్చిన పెద్దాయన గడప అవతలే చెప్పులు విడిచాడు. అన్నంలో రాయి తగిలినప్పుడు వండినవాళ్ళ వైపు చూసే చూపు. మా ఇంట్లో ఆ చూపు తెలియనివాళ్ళు లేరు.

“ఆ. అమ్మ,” అన్నాడు నాయన. అంతే. లేచి, గోడ మీది ఫ్రేమును దించాడు.

ఇక ఫోటో మారాలి, విస్తరి మళ్ళీ పెట్టాలి, అప్పటిదాకా ఎవరికీ అన్నం లేదు. నాగమ్మ జేజికి తప్ప. ఆమె అప్పటికే తేన్చింది. ఆకలిగా ఉన్న అంతమంది చూపులు వీపు మీద మోసుకుంటూ ఎండలో మస్తాన్ మామ దుకాణానికి పరిగెత్తాను.

“మసక పక్క పైకి పెట్టినా మామా, మెరిసే పక్క పెట్టాల్సింది, అందుకే అంతా తిరగబడింది, బతికున్న జేజికి దండేసినాం, ఇది కొత్తది, తొందరగా కావాల, ఇంట్లో ఎవురూ అన్నం తినలే,” అన్నాను, ఊపిరి తీసుకోకుండా.

ఆయన నన్ను తేరిపార చూశాడు. “నీకు మాటలొచ్చా పాపా?” అన్నాడు. తర్వాత ఫోటో చూశాడు. “ఇదేంది, ఈమె కొట్టేటట్టుంది. ఆ నవ్వేది బాగుండె గదా. ఇంకోటి లేదా, కొంచెం నవ్వేది?”

“లేదు మామా. నవ్వితే మా జేజి కాదు.”

పొద్దు వాలాక మేకుకు అసలు మనిషి ఎక్కింది. మళ్ళీ విస్తరి వేశారు. ఈసారి తలుపు మూసినప్పుడు నాగమ్మ జేజిని వరండాలో మధ్యన కూర్చోబెట్టి, చెరో పక్క ఒకరు కాపలా కూర్చున్నారు. లోపల చప్పుడేమీ కాలేదు. వంకాయ కూరలో ఉప్పు తక్కువైందని తర్వాత తెలిసింది.

పోయేముందు నాగమ్మ జేజి తన ఫ్రేము తనకిమ్మంది. దండతో సహా.

“ఉండు జేజీ, తిప్పి సరిచేసి ఇస్తా,” అన్నాను.

“సరిచేయొద్దు. నాకు నేను ఇట్లనే తెలుసు. మీకందరికీ కనపడే నాగమ్మను నేనెప్పుడు చూసినా?” అంది. ఫ్రేమును తువ్వాలులో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని గిద్దలూరు బస్సెక్కింది. ఇప్పుడది వాళ్ళ ఇంట్లో ముందు గదిలో ఉందట. పుడక చూసి, పోయిన అక్క అనుకుని, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అమావాస్యకు దాని ముందు అరటిపళ్ళు పెట్టి పోతారట. “ఎవురికీ చెప్పబాక,” అని ఫోన్లో నాతో అంది, నోటి నిండా ఏదో నములుతూ.

కాబట్టి, ముందు గది గోడ మీది నుంచి నన్నే చూస్తున్న తులశమ్మ జేజి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏ పక్క మెరుస్తుందో చూడకుండా ఇంకెప్పుడూ ఏ నెగెటివ్‌నూ ముట్టను. అద్దంలో చూపించి, వాళ్ళ ఒప్పుదల తీసుకోకుండా ఎవరికీ దండ వేయించను. ఏ పక్క అని అడిగినవాళ్ళకు ‘ఊ’ అని బదులివ్వను.

ప్రమాణం పూర్తిచేసి తలెత్తి ఫోటో వైపు చూశాను. జేజి నమ్మినట్టు లేదు.